తెర లేని మిషన్‌లో గంగవ్వ మొహం

నా ఉద్యోగం ఏమిటని చుట్టాలు ఎవరైనా అడిగితే మా ఆయన ఒకటే జవాబు చెప్తాడు. "ఏం లేదు, పెద్ద మొఖాలను చిన్నగ చేసేది." వినేవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో, పేరు ఇక్కడ అక్కర్లేదు, కంప్యూటర్ సెక్షన్ అని బోర్డు పెట్టిన ఒక చిన్న గదిలో నా వయసంతా గడిచింది. అక్కడ నేను రాసిన ప్రోగ్రాముల్లో అన్నిటికంటే ఎక్కువ కాలం బతికింది, అన్నిటికంటే ఎక్కువ తిట్లు తినిపించింది ఒకటి ఉంది. చెరుకు రైతు ఫోటోను పర్మిట్ చీటీ మీద పట్టేంత చిన్నగా చేసే ప్రోగ్రాం అది.

ఇప్పుడు రిటైరయ్యాను. నిజామాబాద్‌లో మా వీధిలోనే ఉండే శిరీష అనే అమ్మాయికి ఈమధ్య జావా అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం కొత్తగా వచ్చింది. "ఆంటీ, మీ అనుభవం చెప్పుండ్రి, రాసుకుంట" అని పెన్ను పట్టుకుని వచ్చి కూర్చుంది. నేను గంభీరంగానే మొదలుపెట్టాను. కాసేపటికి చూస్తే ఆ అమ్మాయి రాసుకోవడం ఆపేసి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. అప్పుడు అనిపించింది, నవ్వించేదేదో నేనే రాసిపెడితే పోతుంది కదా అని. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి తక్కువ, వాటికి నేను పంచిన స్వీట్లు ఎక్కువ.

చీటీకి మొహం ఎందుకొచ్చింది

చెరుకు సంగతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. చెరుకు కోశాక ఆగదు. ట్రాలీ మీద ఎండలో ఉన్నకొద్దీ రసం తగ్గుతుంది, తూకం తగ్గుతుంది. అందుకే సీజన్‌లో ఏ రైతు ఏ రోజు కోసి తేవాలో ఫ్యాక్టరీయే చీటీ ఇస్తుంది. ఆ చీటీ గేటులో చూపిస్తేనే ట్రాలీ లోపలికి పోతుంది, కాంటా మీదికెక్కుతుంది. కాంటా దగ్గర మైకులో రైతు పేరు పిలుస్తారు, ఆ పేరు మీదే తూకం పడుతుంది.

ఇంత విలువైన చీటీకి కాళ్ళు రాకుండా ఉంటాయా? ఒకరి చీటీ మీద ఇంకొకరు చెరుకు తోలుకొచ్చేవాళ్ళు. అడిగితే "మా బామ్మర్ది చీటీ", "మా పాలోని చీటీ" అని బావమరిదినో దాయాదినో చెప్పేవాళ్ళు. మా కేన్ మేనేజర్ నర్సింహారెడ్డి సార్‌కు ఇది చూసి ఒళ్ళు మండింది. సార్‌కు చెరుకు గురించి తెలియనిది లేదు, కంప్యూటర్ గురించి తెలిసింది లేదు. కానీ రెండిటి మీదా ఒకే గొంతుతో మాట్లాడేవాడు. ఒకరోజు మా గదిలోకి వచ్చి, "సుజాతా, చీటీ మీద రైతు మొఖం పడాలె. పైసలకు నోటు మీద బొమ్మ లేదా? గట్ల" అన్నాడు. అంతే, అదే నాకు ఇచ్చిన మొత్తం వివరణ.

నేను జావా నేర్చుకున్నది నిజామాబాద్ బస్టాండు వెనక ఒక ఇన్‌స్టిట్యూట్‌లో. అక్కడ మాకు నేర్పిందల్లా తెర మీద కిటికీ తెరవడం, అందులో గుండ్రాలు గీయడం. ఆ విద్యతోనే ఫోటో ప్రోగ్రాం రాశాను. ముందు ఒక కిటికీ తయారు చెయ్యాలి, దాన్ని సాక్షిగా పెట్టుకుని ఫోటోను తెరవాలి, పూర్తిగా వచ్చేదాకా ఆగాలి, అప్పుడు చిన్నగా చెయ్యాలి. ఆ కిటికీ ఎవరికీ కనిపించదు, దానితో ఎవరికీ పని లేదు. పెళ్ళికి పెద్ద పందిరి వేయించి, దాని కింద ఎవరూ కూర్చోకుండా రిజిస్టర్ ఆఫీసుకు పోయి దండలు మార్చుకున్నట్టు. పుస్తకంలో అలాగే ఉంది, అలాగే రాశాను. ఎందుకని అడగలేదు.

పరీక్ష చెయ్యడానికి నా ఫోటోనే వాడాను. రైతులను పిలిచి ఫోటో తీసుకోవడానికి టేబుల్ మీద ఒక కెమెరా పెట్టించాం. మొదట దాని ముందు కూర్చున్నది నేనే. ఎరుపు చీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని మరీ దిగాను. ఫోటో చక్కగా చిన్నదైంది. సంతోషంలో ఒక పని మరిచిపోయాను. పరీక్ష కోసం ప్రోగ్రాంలో రాసిన నా ఫోటో పేరు తీసెయ్యలేదు.

ఫోటో చీటీలు మొదలైన రోజు పొద్దున్నే గేటు నుంచి ఖాజా భాయి ఫోన్ చేశాడు. ఆయన మా గేటు గుమస్తా, బోధన్ మనిషి. తాతల కాలం నుంచి వాళ్ళ ఇంట్లో ఎవరో ఒకరు గేటు పనిలోనే ఉన్నారట. రూలంటే రూలే, మాట మాత్రం తేనె.

"సుజాతమ్మా, జర గేటు కాడికి వస్తరా?"

"ఏమైంది భాయి?"

"ఏం లేదమ్మా. గీడ అందరు మీరే ఉన్నరు."

పోయి చూస్తే నిజమే. మీసాలున్న రైతు చేతిలో నేను, రుమాలు చుట్టుకున్న ముసలాయన చేతిలో నేను, ఎరుపు చీరలో, పూలతో. ఒకాయన చీటీని, నన్ను మార్చి మార్చి చూసి, "గీ మేడం ఎవలు? నా పొలానికి గిట్ట పట్టాదారా?" అని ఖాజా భాయిని అడుగుతున్నాడు. సార్ వచ్చాడు. తిడతాడని తల దించుకున్నాను. ఆయన ఒక చీటీ తీసుకుని తీరిగ్గా చూసి, "ఫోటో మంచిగొచ్చింది గని, నీకు చెరుకెన్ని ఎకరాలున్నదమ్మా?" అన్నాడు. ఆ తర్వాత చాలా యేళ్ళు ఫ్యాక్టరీలో నన్ను చూసి నమస్తే పెట్టే రైతులు, మేడం అని కాదు, చీటీలో చూసిన మొహమని పెట్టేవాళ్ళు.

అఖండ దీపం

మా ఫ్యాక్టరీలో దసరాకు ఆయుధ పూజ గట్టిగా జరిగేది. మిల్లు రోలర్ల నుంచి స్టోర్‌లో స్పానర్ దాకా అన్నిటికీ పసుపు కుంకుమ. ప్రోగ్రాం నడిచే మిషన్ మా గదిలో ఒక మూలన ఉండేది, పక్కనే దాని మానిటర్. "నడుస్తున్న మిషన్‌కు పూజ చెయ్యద్దు, ఆపున్రి" అన్నాడు సార్. ఆపాం, దండ వేశాం, కొబ్బరికాయ కొట్టాం. మర్నాడు మళ్ళీ ఆన్ చేశాం. చీటీలు వచ్చాయి, వాటి మీద ఫోటోలు మాత్రం లేవు.

ఏమైందో చూద్దామని మానిటర్ ఆన్ చేసి, నా పేరు, పాస్‌వర్డ్ కొట్టి మిషన్‌లోకి వెళ్ళాను. ఏమీ చెయ్యకముందే ఫోటోలు రావడం మొదలైంది. తెర తెరిచి ఎవరో ఒకరు లోపల ఉంటేనే ఫోటోలు వస్తున్నాయన్నమాట. తెలివైన మనిషైతే ఇక్కడ ఎందుకని అడిగేది. మిషన్ అప్పటికే కారణం రాసిపెట్టింది కూడా. పొడుగాటి ఇంగ్లీషు ఎర్రర్ ఒకటి ఫైలులో పడి ఉంది. నేను మొదటి లైను చూసి, పెద్దగా ఉందని మూసేశాను. మా సెక్షన్‌లో అదే సంప్రదాయం. ఎర్రర్ వస్తే చదవం, మిషన్ ఆపి మళ్ళీ వేస్తాం. పోతే పోయింది, లేకపోతే ఇంకోసారి వేస్తాం.

కాబట్టి నేను చేసిన పని, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఆపరాదు, ముట్టరాదు" అని రాసి మానిటర్‌కు అంటించడం. అప్పటి నుంచి ఆ తెర ఎప్పుడూ వెలుగుతూ ఉండాల్సిందే. కరెంటు పోతే గదిలో మాకు ఫ్యాను ఉండేది కాదు కానీ దానికి బ్యాటరీ ఉండేది. నేను సెలవు పెట్టి చుట్టాల పెళ్ళికి పోయినా అక్కడి నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి "వెలుగుతున్నదా?" అని అడిగేదాన్ని. మా ఆయన విని, "మా అవ్వకు పానం బాగలేనప్పుడు గూడ నువ్వు గిట్ల అడగలే" అన్నాడు.

సార్ దానికి అఖండ దీపం అని పేరు పెట్టాడు. మరుసటి దసరాకు పంతులుగారు మిషన్ ఆపమంటే సార్ అడ్డుపడి, "అది అఖండ దీపం పంతులూ, కొండెక్కద్దు" అన్నాడు. పంతులుగారు తెర మూలకు ఒక బొట్టు పెట్టి ముందుకు పోయాడు. ఆ బొట్టు మీద ప్రతి దసరాకు ఇంకో బొట్టు పడుతూ పోయింది. ఖాజా భాయి మా గదిలోకి వస్తే చెప్పులు బయట వదిలేవాడు. నేను వద్దన్నా, "మీ దీపం ఉన్నది గదమ్మా" అని నవ్వేవాడు.

శిరీషకు ఇక్కడ ఒక మాట చెప్పాను, మీకూ చెప్తాను. పనిలో తప్పు చెయ్యడం పెద్ద విషయం కాదు, అందరం చేస్తాం. దానికి ఒక మంచి పేరు దొరకకుండా చూసుకోవాలి. పేరు లేని తప్పును ఎవరో ఒకరు సరిచేస్తారు. అఖండ దీపం అన్నాక ఎవరు ఆర్పుతారు? ఆర్పడానికి నాకే భయం వేసేది, పెట్టింది నేనైనా. పైగా ఆ పేరు విన్నప్పుడల్లా లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది, నిజం చెప్పాలి కదా.

హైదరాబాద్ మిషన్

తర్వాత మేనేజ్‌మెంట్ మారింది. మూలనున్న మిషన్ వద్దు, హైదరాబాద్‌లో ఒక కంపెనీ దగ్గర మిషన్ కిరాయికి తీసుకుంటాం, ఇక్కడి ప్రోగ్రాములన్నీ అందులోకి మార్చమన్నారు. నేను వెంటనే ఆ కంపెనీకి ఫోన్ చేశాను. ఎత్తినతను కుర్రగొంతు, మర్యాదస్తుడు.

"మీ మిషన్‌కు మానిటర్ ఉంటుందా?" అని అడిగాను.

"ఉండదు మేడం."

"అయితే ఒకటి తగిలించాలి. మానిటర్ మేమే పంపిస్తాం. ఆపకుండా చూసుకుంటే చాలు."

"మేడం, ఇక్కడ మిషన్లన్నీ అల్మారాల్లో పేర్చి ఉంటాయి. వాటిలో ఒక్కదానికీ తెర ఉండదు."

"తెర లేకపోతే అవి ఎలా పని చేస్తాయి?"

ఈ ప్రశ్న అడిగింది అప్పటికి కంప్యూటర్ సెక్షన్ ఇన్‌ఛార్జినైన నేను. ఇప్పటికీ గుర్తొస్తే దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తుంది. ఆ అబ్బాయి నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక నవ్వి ఉంటాడు, నవ్వాలి కూడా.

సరే, అన్నీ మార్చాను. నా టేబుల్ దగ్గర కూర్చుని హైదరాబాద్ మిషన్‌లోకి వెళ్ళి ఫోటో ప్రోగ్రాం నడిపాను. పరీక్షకు ఇంకెవరు, ఎరుపు చీరలో నేనే. ఫోటో బ్రహ్మాండంగా చిన్నదైంది. తెర లేకపోయినా పని చేస్తోందని సంబరపడ్డాను. అసలు జరిగింది వేరు. నేను నా కంప్యూటర్ నుంచి లోపలికి వెళ్ళినప్పుడు, ఆ మిషన్ నా టేబుల్ మీది తెరనే తనదిగా వాడుకుంది. నేను కూర్చున్నంతసేపు దానికి తెర ఉంది. నేను లేచి ఇంటికి పోతే లేదు. ఆ ముక్క నాకు సీజన్ మొదలైన రోజు గానీ తెలియలేదు.

గంగవ్వ

సాలూర ఊరి మనిషి గంగవ్వ. భర్త పోయాడు, పొలం ఆమె పేరు మీదికి వచ్చింది, చెరుకు ఆమే వేస్తుంది, నీళ్ళు ఆమే కడుతుంది. కానీ ఫ్యాక్టరీకి తోలేది మరిది పోశెట్టి. ఇంటికి మగమనిషి కదా అని చీటీ ఆయన తీసుకునేవాడు. మా దగ్గర ఒక పాడు రూలు ఉండేది. ఫోటో ఉన్న చీటీ అయితే ఆ ఫోటోలోని మనిషే రావాలి, తూకం ఆ మనిషి పేరు మీదే పడుతుంది. ఫోటో లేని చీటీ అయితే ఇంటివాళ్ళు ఎవరు దస్కతు చేస్తే వాళ్ళ పేరు మీద పడుతుంది. ఆ రూలు రాసినవాళ్ళు ఇంటివాళ్ళంటే ఎవరనుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. గంగవ్వకు ఎప్పుడూ ఫోటో తీయనేలేదు. ఆమె కోయించిన చెరుకు కాంటా ఎక్కినప్పుడల్లా మైకులో పోశెట్టి పేరు వినపడేది.

ఆ యేడు సీజన్‌కు ముందు ఆమె ఒక్కతే బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. గదిలో అటూ ఇటూ చూసి, బొట్లు పెట్టిన మానిటర్ చూసి ఒక దండం పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

"బిడ్డా, చీటీ మీద బొమ్మ ఏసేది నువ్వేనట గద?"

"నేనే అవ్వా."

"నా బొమ్మ ఎయ్యి. నా చెరుకు నేనే తోలుకొస్త. నా చెరుకుకు మా మరిది పేరు పిలుస్తుంటే చెవుల సీసం పోసినట్టయితున్నది."

"తప్పకుండ వస్తదవ్వా. నాది జిమ్మా" అన్నాను. ఇలా పూచీ పడే మాటలు నాకు తొందరగా వస్తాయి.

ఆ యేడు నుంచి రైతులను ఆఫీసుకు పిలిచే పని లేకుండా ఫీల్డు వాళ్ళకు ఫోన్లు ఇచ్చారు. ఫీల్డు అసిస్టెంటు గంగవ్వ పొలానికే పోయి, చెరుకు తోటలో నిలబెట్టి ఫోటో తీసి పంపాడు.

సీజన్ మొదలైన రోజు నేను నిజామాబాద్ నుంచి వచ్చి ఫ్యాక్టరీ దగ్గర బస్సు దిగేసరికి ట్రాలీలు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. ఖాజా భాయి ఫోన్.

"సుజాతమ్మా, ఇయ్యాల చీటీల మీద ఎవ్వల మొఖం లేదు. ఆ దినం నయం, మీరన్న ఉంటిరి."

గేటు దగ్గరికి పరుగెత్తాను. వరుసలో ముందున్న కొన్ని ట్రాలీల వెనక గంగవ్వ ట్రాక్టరు ఉంది. నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన కూలీలు ముందు రోజే కోసి నింపిన చెరుకు అది. ఆమె చేతిలో బొమ్మ లేని చీటీ. పక్కనే తెల్ల చొక్కాలో పోశెట్టి, జేబులో పెన్ను తీసి సిద్ధంగా పట్టుకుని ఉన్నాడు.

"ఫోటో రాలే గద, ఇగ పాత లెక్కనే. దస్కతు నేను పెడ్త" అంటున్నాడు ఖాజా భాయితో.

నేను సార్‌ను బతిమాలాను. "ఈ ఒక్క ట్రాలీ ఆపండి సార్, ఫోటో తెప్పిస్తాను."

"ఎంతసేపు ఆపుతం? ఒక్కటి ఆపితే ఎనుక లైనంత ఆగుతది. ఆమెను పక్కకు జరిపితే ఆమె చెరుకు ఎండుతది. ఆమె వంతు వచ్చేదాక నీకు టైము. వచ్చినంక రూలు రూలే" అన్నాడు. ఆయన అన్నది తప్పని ఇప్పటికీ అనలేను. కానీ ఆ క్షణం ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. నా మీద రావలసిన కోపం అది.

గంగవ్వ నా వెంటే గదిలోకి వచ్చింది. "బిడ్డా, జిమ్మా నాదన్నవ్" అంది. అరవలేదు, మెల్లగానే అంది.

అప్పుడు, ఉద్యోగంలో మొదటిసారి, ఒక ఎర్రర్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివాను. అందులో ఏ రహస్యమూ లేదు. కిటికీ తెరవమన్నావు, తెర కోసం వెతికాను, తెర దొరకలేదు అని మిషన్ శుభ్రంగా చెప్పింది. దసరా మర్నాడు కూడా ఇదే చెప్పి ఉంటుంది. ఇన్నేళ్ళూ చెప్తూనే ఉంది, నేనే కాగితాలు అంటిస్తూ కూర్చున్నాను.

జావాకు ఒక మాట చెప్పే వీలుంది, నీకు తెర లేదు, లేకుండానే పని చెయ్యి అని. హెడ్‌లెస్ అంటారు. ఆ మాట చేర్చి నడిపాను. ఈసారి వేరే ఎర్రర్ వచ్చింది, దాన్నీ చదివాను. తెర లేదని ఒప్పుకున్నాక మళ్ళీ కిటికీ ఎలా తెరవమంటావని అడుగుతోంది. న్యాయమే. అప్పుడు తెలిసింది, నేను అడగాల్సింది తెర కాదు, తీసెయ్యాల్సింది కిటికీ అని. ఆ పందిరి మొత్తం పీకేశాను. ఫోటోను ఫైలు నుంచి నేరుగా చదవడం, మిషన్ మెమరీలోనే చిన్న బొమ్మగా గీయడం, మళ్ళీ ఫైలులో రాయడం, అంతే పని. దీనికి కావలసిన వస్తువులన్నీ జావాలో ఎప్పటి నుంచో ఉన్నాయి. నేను రాసిన దానిలో సగం కొట్టేస్తే మిగిలిన సగం పని చేసింది.

మళ్ళీ నా తెర వాడుకుంటుందేమోనని అనుమానం. ఈసారి నేను లోపల ఉండకుండా, దానంతట అది నడిచేలా పెట్టి బయటికి వచ్చేశాను. అది చాలు. అయినా ధైర్యం చాలక, చెయ్యి చాపి నా మానిటర్ ఆపేశాను. తర్వాత మూలకు పోయి, దేనికీ పనికిరాకపోయినా అలవాటుకొద్దీ వెలుగుతున్న అఖండ దీపాన్ని కూడా ఆపేశాను. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు పరీక్షలు ఎలా చేస్తారో తెలియదు, నేనైతే ఇలా చేశాను.

"అయ్యో, దీపమెందుకు ఆర్పినవ్ బిడ్డా?" అంది గంగవ్వ.

"దీనితో పని లేదవ్వా" అన్నాను. గేటు నుంచి ఖాజా భాయి ఫోన్ మోగింది. గేటు ప్రింటర్‌లో మళ్ళీ తీసిన చీటీల మీద మొహాలు వస్తున్నాయట.

కాగితం తిప్పుడు

గంగవ్వా నేనూ గేటుకు చేరేసరికి అక్కడ ఒక వింత జరుగుతోంది. ఇద్దరు ముగ్గురు రైతులు తల భుజం మీదికి వాల్చి నిలబడి ఉన్నారు. ఖాజా భాయి చీటీ చూస్తున్నాడు, వాళ్ళను చూస్తున్నాడు, ముద్ర కొడుతున్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. చీటీ తీసుకుని చూస్తే తెలిసింది. ఫోన్‌లో తీసిన ఫోటోలన్నీ పక్కకు పడుకుని ఉన్నాయి.

కారణం తర్వాత తెలుసుకున్నాను. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా అది బొమ్మను అడ్డంగానే దాచి, దీన్ని తిప్పి చూపించాలని ఫైలులోనే ఒక మూల రాసి పెడుతుంది. ఆ రాసింది చదివితే బొమ్మ నిలబడుతుంది. నా ప్రోగ్రాం చదవలేదు. తల్లి చదివితే కదా పిల్ల చదివేది. నేనేమో ఎప్పుడూ టేబుల్ కెమెరాతో తీసిన నా ఫోటోతోనే పరీక్ష చేశాను, అది నిటారుగా కూర్చున్నదాయె. ఆ వారంలోనే సరిచేశాననుకోండి. కానీ ఆ రోజు గేటులో మాత్రం మా జిల్లా రైతాంగం మెడలు వంచుకుని నిలబడింది, నా పుణ్యమా అని.

గంగవ్వ వంతు వచ్చింది. చీటీలో ఆమె చెరుకు తోటతో సహా అడ్డంగా పడుకుని ఉంది. పోశెట్టి వంగి చూశాడు.

"గిది మా వదినె అని ఎట్ల చెప్తవ్ భాయి? పక్కల పండుకున్నట్టున్నది. ఫోటో కలుస్తలేదని రాయి, దస్కతు నేను పెడ్త."

ఖాజా భాయి ఇబ్బందిగా నా వైపు చూశాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఈమెకు మాట ఇచ్చింది నేను, బొమ్మ తెచ్చింది నేను, దాన్ని పడుకోబెట్టి ఆయన చేతికి సాకు ఇచ్చింది కూడా నేనే. ఖాజా భాయి గొంతు సవరించుకుని మర్యాదగా అన్నాడు.

"అవ్వా, జర మెడ వంకర పెట్టున్రి. అందరు పెట్టిన్రు. కలుస్తదేమో సూస్త."

గంగవ్వ కదల్లేదు. కొంగు నడుముకు దోపుకుని, మరిదిని ఒకసారి చూసి, ఖాజా భాయి వైపు తిరిగింది.

"మెడ నేనెందుకు వంచుత? కాయిదం నువ్వు తిప్పుకో."

వరుసలో మెడలు వాల్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తలలు నిటారుగా పెట్టుకున్నారు. ఖాజా భాయి చేతిలోని చీటీని చూశాడు, పక్కకు తిప్పాడు. మళ్ళీ ఆమెను చూశాడు. "సహీ హై" అని ముద్ర కొట్టాడు. పోశెట్టి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి, చీర కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ట్రాలీ లోపలికి పోయి కాంటా ఎక్కింది. మైకు గరగరలాడి, "గంగవ్వ, సాలూర" అని పిలిచారు. ఆమె కాంటా పక్కనే నిలబడి ఉంది కానీ కదల్లేదు. వినపడలేదేమో అనుకుని నేను దగ్గరికి పోయాను.

"అవ్వా, నిన్నే పిలుస్తున్నరు."

"ఇన్న బిడ్డా" అంది. "ఇంకొక్కపారి పిలువనీ."